ఇంట్లో న్యాస్: కొనే ముందు, సొంతంగా తయారుచేసుకునే ముందు జాగ్రత్తలు

న్యాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి, ఇంట్లోవాళ్లందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. సినాలజీ, క్యూన్యాప్ వంటి సంస్థల రెడీమేడ్ పెట్టె కొనాలా, పాత డెస్క్‌టాప్‌లో ట్రూన్యాస్ లేదా ఓపెన్‌మీడియావాల్ట్ అనే న్యాస్ సాఫ్ట్‌వేర్ వేసి సొంతంగా సిద్ధం చేసుకోవాలా అని తేల్చుకునే ముందు, అది మొరాయించిన రోజున బాగుచేసేది ఎవరో నిర్ణయించుకోండి. ఆ పని తెలిసిన ఒక్కరూ ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటే, ధర ఎక్కువైనా కొనడమే మేలని నా అభిప్రాయం.

పాత కంప్యూటర్‌కు కరెంటు లెక్క కూడా వేయాలి. 50 వాట్లు తీసుకునే యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు కాలుతాయి.

హార్డ్ డిస్కుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎస్ఎంఆర్ రకం డిస్కులో ట్రాకులు (డేటా రాసే వలయాలు) ఒకదానిపై ఒకటి కొంత కప్పుకొని ఉంటాయి, ఒకటి మారిస్తే పక్కవీ తిరిగి రాయాలి కాబట్టి, చెడిన డిస్కు స్థానంలో దాన్ని పెట్టి రెయిడ్‌ను (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే అమరికను) పునరుద్ధరించేటప్పుడు వేగం బాగా పడిపోయి, ఒక్కోసారి ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. ట్రాకులు కప్పుకోని సీఎంఆర్ రకమే తీసుకోండి. మోడల్ నంబరును తయారీదారు పట్టికలో సరిచూసుకోకుండా డబ్బు చెల్లించవద్దు.

రెండు 4 టీబీ డిస్కులను మిర్రర్ చేస్తే, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉంచితే, దక్కేది 4 టీబీయే. ఆ మిర్రర్ అమరిక, ఒక డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకుంటుందే తప్ప, పొరపాటున చెరిపేసిన పెళ్లి ఫొటోలను తిరిగి ఇవ్వదు. అందువల్ల విడిగా ఎక్స్‌టర్నల్ డిస్కులో ఇంకో కాపీ తీసి, వీలైతే వేరే ఇంట్లో ఉంచాలి.

కరెంటు తరచూ పోయే చోట యూపీఎస్ తప్పనిసరి. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూన్యాప్ పెట్టెలపై దాడి చేసింది కనుక, రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవకుండా, బయటినుంచి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు రహస్య సంకేతాలతో కలిపే దారి) ద్వారానే చూసుకునే ఏర్పాటు చేసుకోండి.