మీటర్ మీద ఎర్ర లైటు చాలు, ఏది ఎంత కరెంటు తింటోందో తెలుస్తుంది

నెలాఖరున బిల్లు చేతికొచ్చాక గానీ ఇంట్లో ఏది ఎక్కువ లాగుతోందో తెలీదు. దీనికి కొత్త పరికరం కొనక్కర్లేదండీ. మీటర్ మీద టిక్కు టిక్కుమంటూ వెలిగే చిన్న ఎర్ర లైటు పక్కన "3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్" లాంటి అంకె ఉంటుంది. అంటే 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ (కేడబ్ల్యూహెచ్ అంటే యూనిట్టే).

ఇంట్లో అన్నీ ఆపేసి, చూడాలనుకున్న ఒక్కటే వేయండి. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో గుణిస్తే వాట్లు వచ్చేస్తాయి. మీటర్ 1600ది అయితే 37.5తో. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లదైతే 3200 మీటర్‌లో నిమిషానికి 4 సార్లు వెలుగుతుంది. గీజర్‌కి మరీ గబగబా వెలుగుతుంది కాబట్టి ఫోన్లో వీడియో తీసుకుని నిదానంగా లెక్కపెట్టుకోండి. అపార్ట్‌మెంట్లలో మీటర్లు కింద ఉంటాయి, పైన స్విచ్చులు వేయడానికి ఒకరు ఫోన్లో ఉంటే సులువు.

అన్నీ ఆపినా లైటు వెలుగుతోందంటే ముందు సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టర్ ఛార్జింగ్ చూడండి. అవి కాకపోతే లీకేజీ ఉందేమో ఎలక్ట్రీషియన్‌కి చూపించాల్సిందే.

ఫ్రిజ్‌కి, ఏసీకి మాత్రం ఈ నిమిషం లెక్క పనికిరాదు, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కదా. వాటికి రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కేడబ్ల్యూహెచ్ రీడింగ్ రాసుకుని తేడా చూడండి.