టకటకా కొట్టి మధ్యలో మొరాయించే కెమెరా: ఫైల్ ఫార్మాట్ తప్పెంత, కార్డు తప్పెంత?

తలంబ్రాల దగ్గరే చాలామందికి ఈ సమస్య బయటపడుతుంది. పెళ్లికూతురు దోసిలి ఎత్తగానే బటన్ నొక్కి పట్టేస్తారు, టకటకా పది పదకొండు ఫ్రేములు పడిపోతాయి, సరిగ్గా పెళ్లికొడుకు పళ్లెం ఎత్తి మొత్తం నెత్తిన కుమ్మరించే సమయానికి వ్యూఫైండర్‌లో ‘బిజీ’ అని కనిపిస్తుంది. కెమెరా పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి. తొంభై శాతం ఇది సెట్టింగ్ గొడవే.

ముందు ఒక్కటి తేల్చుకోండి. కెమెరా మొదటి ఫ్రేము నుంచే నెమ్మదిగా ఉందా, లేక బాగా మొదలై మధ్యలో ఆగుతోందా? రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు. ఈ తేడా చూసుకోకుండానే జనం కొత్త కార్డులు కొనేస్తుంటారు.

బాగా మొదలై, కాసేపటికి ఆగిపోతోంది

బఫర్ నిండింది, అంతే. తీసిన ఫొటో నేరుగా కార్డులోకి వెళ్లదు, ముందు బఫర్ అనే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీలో పడి అక్కడి నుంచి కార్డులోకి కారుతుంది. పైనుంచి ట్యాంకరు పోస్తుంటే కింద చిన్న కుళాయి తిప్పినట్టు.

లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ సెన్సార్, పిక్సెల్‌కి 14 బిట్లు అంటే సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే రా (RAW) ఫైల్, కంప్రెస్ చేయకపోతే, ఫ్రేముకి దాదాపు 42 ఎంబీ. నాణ్యత పోకుండా (లాస్‌లెస్) కుదిస్తే పాతిక, ముప్ఫై ఎంబీకి దిగుతుంది. అదే ఫొటో కెమెరాయే తయారుచేసి కుదించే జేపెగ్ ఫైన్‌లో (ఎక్కువ నాణ్యత సెట్టింగ్) సుమారు 10 ఎంబీ. సెకనుకి 6 ఫ్రేములు రాలో తీస్తే 150 ఎంబీ పైనే పోగుపడుతుంది, మామూలు కార్డు రాసేది అందులో సగం కూడా ఉండదు.

మన దగ్గర చాలామంది చేతిలో ఉండే కెనాన్ 1500డీనే తీసుకోండి. సెకనుకి 3 ఫ్రేములు. కంపెనీ లెక్క ప్రకారం జేపెగ్‌లో వరసగా 150 వరకు, రాలో 11. అంటే రాలో నాలుగు సెకన్లు తిరక్కుండానే ఖేల్ ఖతం. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి: జేపెగ్‌కి మార్చినా ఆ 3 ఫ్రేములు 4 కావు. ఎంతసేపు కొట్టగలదు అన్నది మారుతుంది గానీ ఎంత వేగంగా అన్నది మారదు. జేపెగ్ సైజు లార్జ్ నుంచి స్మాల్‌కి తగ్గించినా ఇదే కథ, అనవసరంగా పిక్సెళ్లు పోగొట్టుకోవడం తప్ప వేగం పెరగదు.

పరిష్కారం: మొదట రా ప్లస్ జేపెగ్ ఆపేయండి. ఆల్బమ్ డిజైనర్‌కి వెంటనే పంపాలని చాలామంది రెండూ పెట్టుకుంటారు, బరస్ట్‌కి, అంటే వరసగా టకటకా కొట్టడానికి, దీన్ని మించిన శత్రువు లేదు. రా ఫైల్ లోపల ఎలాగూ జేపెగ్ ప్రివ్యూ ఒకటి ఉంటుంది, సెలక్షన్‌కి అది చాలు. తర్వాత రా కంప్రెషన్ చూడండి. సోనీ ఏ7 3లో కంప్రెస్డ్ రా పెడితే వరసగా 89 వరకు వస్తాయి, అన్‌కంప్రెస్డ్ పెడితే 40. కొత్త కెనాన్ మిర్రర్‌లెస్‌లలో సీ-రా ఉంటుంది, అది మామూలు రా కంటే బాగా చిన్నది. కొంత డేటా పోతుందని భయపడతారు గానీ పెళ్లి ఫొటోల్లో ఆ తేడా పట్టుకోగలవాళ్లు చాలా తక్కువ.

మరి రా మొత్తం వదిలేయాలా? మండపంలో లైట్లు పసుపు, గులాబీ కలిసి ఉంటే రా ఉండాల్సిందే, తర్వాత రంగులు సరిచేయడానికి అదే దిక్కు. పగటి వెలుతురులో కొల్లేరు అటపాకలో గూడబాతులు ఎగురుతుంటే మాత్రం నేనైతే మారు మాట్లాడకుండా జేపెగ్ ఫైన్ పెడతాను.

మొదటి ఫ్రేము నుంచే నెమ్మది

ఇక్కడ ఫార్మాట్ తప్పు తక్కువే, కానీ ఒక చోట గట్టిగా ఉంది: బిట్ డెప్త్, అంటే పిక్సెల్‌కి ఎన్ని బిట్లు అన్నది. నికాన్ డీ5600లో జేపెగ్ గానీ 12 బిట్ రా గానీ పెడితే సెకనుకి 5, అదే రా ఫైల్‌ని 14 బిట్ చేస్తే 4. డీ7200లో 6 కాస్తా 5 అవుతుంది, పైగా లాస్‌లెస్ కంప్రెస్డ్‌లో బఫర్ 27 నుంచి 18కి పడిపోతుంది. నీడల్ని బాగా పైకి లేపి ఎడిట్ చేస్తే తప్ప ఆ రెండు బిట్లు కంటికి ఆనవు. బరస్ట్ అవసరమైన రోజు 12కి మార్చేయండి.

ఖరీదైన బాడీలకీ ఈ లంపటం ఉంది. సోనీ ఏ1 సెకనుకి 30 అని చెప్పేది కంప్రెస్డ్ రా లేదా జేపెగ్ లాంటివాటితోనే, లాస్‌లెస్ పెడితే 20. నికాన్ జడ్9 రాలో 20 ఇస్తుంది, 30 కావాలంటే జేపెగే గతి.

బిట్ డెప్త్ కాదంటే ఫార్మాట్‌ని వదిలేసి ఇవి చూడండి. షట్టర్ స్పీడ్ 1/10 ఉంటే సెకనుకి 10 ఫ్రేములు ఎక్కడి నుంచి వస్తాయి? ఫ్లాష్ ఫుల్ పవర్‌లో కొడుతుంటే అది చార్జ్ అయ్యేదాకా ఆగాల్సిందే. చీకట్లో ఫోకస్ వెతుక్కుంటున్నా ఆలస్యమే. యాంటీ ఫ్లికర్ (లైట్ల మిణుకుమిణుకు ఫొటోలో పడకుండా చూసే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా, కొన్ని మోడళ్లలో బ్యాటరీ తగ్గినా వేగం పడిపోతుంది.

జేపెగ్ పెట్టినా త్వరగా ఆగిపోతోంది

జేపెగ్ అంటే కెమెరా లోపలే వంట జరగాలి. డిస్టార్షన్ కరెక్షన్, హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్, యాక్టివ్ డీ-లైటింగ్ (నికాన్‌లో నీడల్ని తేల్చే సెట్టింగ్) ఇవన్నీ ప్రాసెసర్‌కి అదనపు పని. బరస్ట్‌కి ముందు వీటిని ఆఫ్ చేయండి, లేదా తగ్గించండి. ఐఎస్ఓ పెరిగినా ఫైల్ సైజు పెరుగుతుంది, ఎందుకంటే నాయిస్ సరిగ్గా కంప్రెస్ అవ్వదు. పగలు వచ్చినన్ని ఫ్రేములు రాత్రి ఫంక్షన్ హాల్లో రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

అన్నీ సరిచేసినా కార్డులోకి రాస్తున్నట్టు చూపే లైటు ఆగకుండా వెలుగుతూనే ఉంది

అప్పుడు తప్పు కార్డుది. దాని మీద 170 (సెకనుకి ఎంబీ) అని పెద్దక్షరాలతో ఉంటుంది, అది చదివే వేగం. రాసే వేగం వేరే, అది చిన్నక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. కార్డు మీద వీ30 (V30) గుర్తు ఉందంటే సెకనుకి కనీసం 30 ఎంబీ నిలకడగా రాస్తుందని హామీ, వీ60 అంటే 60. కెమెరా స్లాట్ యూహెచ్ఎస్-1 (UHS-I) రకం అయితే అంతకంటే వేగమైన యూహెచ్ఎస్-2 (UHS-II) కార్డు కొనడం దండగ. రెండు స్లాట్లలో బ్యాకప్ పెట్టుకునేవాళ్లకి నెమ్మది కార్డు ఏదైతే దాని వేగమే దక్కుతుంది. ఏ7 3లో రెండో స్లాట్ యూహెచ్ఎస్-1 మాత్రమే, గుర్తుంచుకోండి. మరీ చవగ్గా దొరికిన కార్డైతే నకిలీయేమో అని అనుమానించండి.

పరీక్షించేటప్పుడు లెన్స్ క్యాప్ పెట్టి కొట్టకండి. నల్లటి ఫ్రేము మరీ చిన్నగా కంప్రెస్ అవుతుంది, బఫర్ బ్రహ్మాండంగా ఉందని మోసపోతారు. ఆకులు నిండుగా ఉన్న వేపచెట్టు వైపు తిప్పి, మాన్యువల్ ఫోకస్, 1/1000, ఫ్లాష్ ఆఫ్ చేసి, ఆగేదాకా నొక్కి ఫ్రేములు లెక్కపెట్టండి. ఫార్మాట్ మార్చి మళ్లీ అదే చెట్టు. నికాన్‌లో షట్టర్ సగం నొక్కితే ‘ఆర్’ అక్షరం పక్కన ఇంకెన్ని పడతాయో అంకె కనిపిస్తుంది, దాన్ని చూస్తూ కూడా పోల్చుకోవచ్చు. కొట్టడం అయ్యాక లైటు ఆరేదాకా బ్యాటరీ గానీ కార్డు గానీ తీయకండి, బఫర్‌లో మిగిలినవి పోతాయి.