వానాకాలంలో మిల్లు ఆగితే మెషీన్లను ఎలా కాపాడుకోవాలి?

యాసంగి ధాన్యం ఆడేశాక, కొత్త పంట దిగేదాకా చాలా రైస్ మిల్లులు ఖాళీయే. మెషీన్లు నడిచి అరగడమే కాదు, ఈ ఖాళీలో పడి ఉండి కూడా పాడవుతాయి. కారణం చెమ్మ. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు త్వరగా పడుతుంది. వానాకాలంలో మనకు అది దాటని రోజులు తక్కువే.

ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. తర్వాత ఎలివేటర్ (ధాన్యాన్ని పైకి ఎత్తే మెషీన్) అడుగున, కన్వేయర్ మూలల్లో మిగిలిన గింజ, తవుడు గీకి తీయండి. తవుడు తేమ పీల్చి రేకుకు అట్టకడుతుంది, దాని కిందే చిల్లు పడుతుంది. గింజ కోసం వచ్చిన ఎలుకలు వైర్లనూ వదలవు. బెల్టులు లూజు చేయండి. పొట్టు తీసే రబ్బర్ రోల్స్ విప్పి, ఎండ, నూనె తగలని చోట పెట్టండి.

మోటార్లకు పాలిథిన్ కవరు చుట్టి తాడు బిగించేస్తారు చాలామంది. అదే కొంప ముంచేది! లోపల చిక్కిన తేమ రాత్రి చల్లబడగానే చుక్కలై వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) మీద దిగుతుంది. పైన పట్టా కప్పండి, కింద గాలి ఆడనివ్వండి. వారానికోసారి షాఫ్ట్ చేత్తో తిప్పండి. పుల్లీ మీద సుద్దతో గీత గీసి, ప్రతిసారీ అది వేరే చోట ఆగేలా చూడండి. లేదంటే బేరింగ్ గోళీలు ఒకేచోట ఆని గుంటలు పడతాయి.

ఉప్పుడు బియ్యం మిల్లయితే బాయిలర్‌తోనే అసలు పని. ప్రెజర్ పూర్తిగా దిగాక, బాడీ ఇంకా వెచ్చగా ఉండగానే నీళ్లు వదిలేస్తే ఆ వేడికే లోపలి తడి ఆరుతుంది. సగం నీళ్లు ఉంచేసి 'తర్వాత చూద్దాంలే' అనుకుంటే, ఆ నీటి గీత వెంటే తుప్పు ప్లేటును తినేస్తుంది. ఆరాక, తేమ పీల్చడానికి ట్రేల్లో సిలికాజెల్ గానీ, నీళ్లు తగలని కాల్చిన సున్నం గానీ పెట్టి మూతలు బిగించండి. సున్నం ఉబ్బుతుంది, ట్రే సగమే నింపండి. నీలం సిలికాజెల్ గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. 'లోపల ట్రేలున్నాయి, నీళ్లు పెట్టొద్దు' అని బోర్డు తగిలించండి. మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇక మిల్లు మళ్లీ మొదలుపెట్టే రోజు సంగతి. తెలిసినవాళ్ల మిల్లులో ఒకసారి గేటు బయట లారీలు ఆగి ఉన్నాయన్న టెన్షన్‌లో నేరుగా స్విచ్ వేశారు. ఎలివేటర్ మోటారు ఆ ఉదయమే కాలిపోయింది. మీరు ముందు మోటార్లకు 500 వోల్టుల మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టించండి. 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆరబెట్టించాల్సిందే. సరిగా ఉంటే లోడు లేకుండా అరగంట తిప్పి, చప్పుడు విని, బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి ఆనించి వేడి చూసుకుని, అప్పుడు ధాన్యం వదలండి.