సాలిడ్ రాకెట్‌ని ఆర్బిట్‌లో పెట్టడం ఎలా, మధ్యలో ఆపే వీలు లేనప్పుడు

సిమ్యులేటర్‌లో లిక్విడ్ ఇంజన్‌తో ఆర్బిట్‌కి వెళ్లడం వచ్చేసి, అదే గైడెన్స్ కోడ్ (రాకెట్‌కి దారి చూపించే ప్రోగ్రామ్) సాలిడ్ రాకెట్‌కి, అంటే గట్టి ఇంధనంతో నడిచేదానికి పెట్టి దెబ్బతిన్నవాళ్ల కోసం రాస్తున్నా, నేనూ ఆ బాపతే. లిక్విడ్‌లో కావాల్సిన స్పీడ్ రాగానే ఇంజన్ ఆపేస్తాం, సాలిడ్ తారాజువ్వ టైపు, అంటించాక లోపలున్నదంతా కాలాల్సిందే. పైగా ప్రొపెల్లెంట్ (లోపలున్న ఇంధనం) వెచ్చగా ఉంటే తొందరగా, చల్లగా ఉంటే నిదానంగా కాలుద్ది. ఇక మన చేతిలో ఉండేవి రెండే, ముక్కు ఎటు పెట్టాలి, తర్వాతి స్టేజ్ ఎప్పుడు అంటించాలి.

కింది స్టేజ్‌లో ఎక్కువ తెలివి చూపించొద్దు. నిటారుగా లేచాక కాస్త వంచి, తర్వాత ముక్కుని వెళ్తున్న దిక్కులోనే ఉంచితే గ్రావిటీయే మెల్లగా వంచుకుంటూ పోద్ది, గ్రావిటీ టర్న్ అంటే ఇదే. దట్టమైన గాలిలో ముక్కు పక్కకి తిప్పితే బాడీ విరిగే ప్రమాదం, అందుకే ముందే రాసిపెట్టుకున్న పిచ్ టేబుల్ (ముక్కు ఎప్పుడు ఎంత వంచాలో చెప్పే పట్టిక) చాలు. ఇస్రో ఎస్ఎల్‌వీ-3 1980లో రోహిణి శాటిలైట్‌ని పంపింది కూడా ఓపెన్ లూప్‌తోనే, అంటే దారి తప్పిందా అని చూసి సరిదిద్దుకోకుండా ముందే రాసినట్టు పోవడం. కాకపోతే టేబుల్‌ని టైమ్‌కి బదులు స్పీడ్‌కి కట్టండి, మోటార్ నిదానంగా కాలినా దారి పెద్దగా చెడదు.

అసలు ఆట గాలి దాటాకే. చివరి స్టేజ్ ముందు కోస్ట్ (ఇంజన్ లేకుండా ఊరికే సాగడం) పెట్టి, అప్పటిదాకా వచ్చిన స్పీడ్, ఎత్తు చూసి అపోజీ (దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు) మళ్లీ లెక్కేసి, అక్కడికి చేరడానికి బర్న్ టైమ్‌లో దాదాపు సగం ముందు అంటించండి, ముక్కు అడ్డంగా పడుకోబెట్టి. జపాన్ సాలిడ్ రాకెట్ లాంబ్డా 4ఎస్ దాదాపు గైడెన్స్ లేకుండానే, పైన ఒక్కసారి చివరి స్టేజ్‌ని ఇలా పడుకోబెట్టి, 1970 ఫిబ్రవరి 11న ఒసుమి శాటిలైట్‌ని ఆర్బిట్‌లో పెట్టేసింది, అంతకుముందు నాలుగు సార్లు ఫెయిలైందనుకోండి.

స్పీడ్ ఎక్కువైతే ఎలా అంటే, కావాలనే వేస్ట్ చేయాలి. ముక్కుని 20 డిగ్రీలు పక్కకి పెడితే ముందుకి పనికొచ్చేది 6 శాతం తగ్గుద్ది, 10 డిగ్రీలకి 1.5 శాతమే. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి తిప్పితే పక్క స్పీడ్ కొట్టుకుపోద్ది. పీఈజీ (పవర్డ్ ఎక్స్‌ప్లిసిట్ గైడెన్స్, దారిని ఎప్పటికప్పుడు లెక్కేసుకునే పద్ధతి) వాడేవాళ్లు ఒకటి చూసుకోండి, అది ఇంజన్ ఎప్పుడు ఆపాలో తనే తేల్చుకుంటది, సాలిడ్‌లో ఆ టైమ్ ముందే ఫిక్స్, కాబట్టి ఎత్తో, స్పీడో, ఏదో ఒక టార్గెట్ వదులుకోవాలి, లేదా ఇలా ఎనర్జీ పారబోయాలి.

ఇంత చేసినా ఎంతోకొంత తేడా ఉంటుంది. 400 కి.మీ. ఆర్బిట్‌లో సెకనుకి 1 మీటర్ తేడా వస్తే అవతలి వైపు ఎత్తు 3.5 కి.మీ. మారుద్ది, చివరి స్టేజ్ ఇచ్చే 3 కి.మీ./సె.లో ఒక్క శాతం తప్పితే వంద కి.మీ. పైనే! అందుకే పీఎస్ఎల్‌వీకి పైన లిక్విడ్ స్టేజ్, ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీకి మూడు సాలిడ్‌ల మీద చిన్న లిక్విడ్ మాడ్యూల్. నా మాట వింటే మీరూ ఒకటి పెట్టేసుకోండి, సగం తలనొప్పి పోద్ది.

దాన్ని నమ్ముకుని సెన్సర్లని మాత్రం మర్చిపోకండి. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ఫ్లైట్‌లో రెండో స్టేజ్ విడిపోయేటప్పటి వైబ్రేషన్‌కి సాఫ్ట్‌వేర్ సెన్సర్లు పాడయ్యాయనుకుని ఓపెన్ లూప్‌లోకి వెళ్లిపోయింది, 356 కి.మీ. గుండ్రటి ఆర్బిట్‌కి బదులు ఒక వైపు 356, అవతలి వైపు 76 కి.మీ. ఎత్తు వచ్చింది, శాటిలైట్లు పోయాయి. మీ టెస్ట్ రన్స్‌లో వేడి మోటార్, చల్ల మోటార్‌తో పాటు స్టేజ్ విడిపోయేటప్పుడు ఓ క్షణం చెత్త రీడింగ్ వచ్చే కేసు కూడా వేయండి.