నాణ్యత కోసం మార్పు – నాలుగవ పాఠం: అందరికీ చెప్పేముందు ఐదుగురితో చేసి చూడటం

గత పాఠం చివర మీ ఆరోగ్య కేంద్రానికి ఒక లక్ష్యం రాసుకొమ్మని కోరాను. అందులో ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అన్న మూడూ ఉన్నాయో లేదో మరోసారి చూసుకోండి. "గర్భిణులకు మంచి సేవలు అందించాలి" అన్నది ఆశయమే గాని లక్ష్యం కాదు. "మార్చి నెలాఖరుకల్లా, మన దగ్గర పరీక్షకు వచ్చే ప్రతి పది మంది గర్భిణుల్లో కనీసం తొమ్మిది మంది హిమోగ్లోబిన్ ఫలితం చేతిలో పట్టుకొని డాక్టరు గదిలోకి వెళ్లాలి" అన్నది లక్ష్యం. ఈ పాఠానికి దీన్నే ఉదాహరణగా తీసుకుందాం.

దేవరకొండ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకోండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి కదా, ఆ రోజు చుట్టుపక్కల తండాల నుంచి ఆటోల్లో స్త్రీలు వస్తారు. ముందు ఓపీ చీటీ, తర్వాత బరువు, బీపీ, ఆపైన డాక్టరు, చివరకు ల్యాబు. ఇదీ అక్కడి వరుస. ఫలితం వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అప్పటికే ఆటో వెళ్లిపోయి ఉంటుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 గ్రాములకు తగ్గితే తీవ్ర రక్తహీనత అని మనకు తెలుసు; కాని ఆ 7 లోపు ఉన్న స్త్రీ పేరు రిజిస్టరులో నమోదై, ఆమె మాత్రం చికిత్స లేకుండా ఇంటికి చేరుతుంది. పాలమూరు పల్లెల్లోలాగా కుటుంబం కూలికి వలస వెళ్లేదైతే, ఆమె మళ్లీ మన గడప తొక్కేది కాన్పు దగ్గరపడ్డాకే కావచ్చు.

ఇలాంటి చోట బాధ్యత గల అధికారికి మొదట తోచేది ఒక ఉత్తర్వు: "ఇకపై అందరికీ ముందుగా రక్తపరీక్ష చేయవలెను." ఒకప్పుడు నేనూ ఇలాంటి ఉత్తర్వే రాశాను. రెండు వారాలు నడిచింది, మూడో వారం నుంచి రిజిస్టరులో మాత్రమే నడిచింది. పని చేసే చేతులను అడగకుండా పని వరుసను మార్చబోవడమే నా తప్పని తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

దీనికి బదులుగా నాణ్యతా రంగ నిపుణుడు వాల్టర్ షూహార్ట్ ఆలోచనల నుంచి అదే రంగానికి చెందిన ఎడ్వర్డ్స్ డెమింగ్ అభివృద్ధి చేసి ప్రచారంలోకి తెచ్చిన నాలుగు మెట్ల చక్రం ఉంది: యోచన, ఆచరణ, పరిశీలన, నిర్ణయం. మాటలు తేలికగానే ఉంటాయి, కష్టమంతా మొదటి ప్రయత్నాన్ని ఎంత చిన్నదిగా ఉంచగలమన్న దానిలోనే ఉంది. మొత్తం కేంద్రంలో కాదు, ఒక్క తండా నుంచి, ఒక్క ఆశా కార్యకర్త వెంట వచ్చే ఐదుగురితో, ఒకే ఒక్క ఉదయం చేసి చూడండి. ఆ ఐదుగురూ చీటీ కోసం నిలబడకుండా నేరుగా ల్యాబుకు వెళ్తారు. ఏమి జరుగుతుందని మీరు అనుకుంటున్నారో ముందే కాగితంపై రాసి పెట్టండి. "ఐదుగురికీ పది గంటలకల్లా ఫలితం వస్తుంది" అని రాశారనుకుందాం. ఈ అంచనా రాయకపోతే, తర్వాత ఏమి జరిగినా మనం అనుకున్నదే జరిగిందని మనసు సర్దుకుంటుంది.

ఇక్కడే ల్యాబ్ టెక్నీషియన్ అడ్డు చెబుతాడు: "సార్, చీటీ నంబరు లేకుండా నమూనా తీసుకుంటే ఒకరిది మరొకరికి మారిపోతుంది." దీన్ని మొండితనంగా లెక్కించకండి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అది రోగి భద్రతకు సంబంధించిన మాట. ఆయన్నే పరిష్కారం అడగండి. గర్భిణి చేతిలోని మాతా శిశు రక్షణ కార్డు నంబరును ట్యూబుపై రాయవచ్చని ఆయనే సూచిస్తే, ఆ మార్పు ఆ క్షణం నుంచి ఆయనది అవుతుంది.

రుజువు ఒక్కటే మనుషులను మార్చదని వైద్య చరిత్రే చెబుతుంది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు క్లోరినేటెడ్ సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టగా, ఆయన పనిచేసే ప్రసూతి వార్డులో ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్ నాటికి రెండు శాతం దరిదాపులకు దిగాయి. అయినా తోటి వైద్యుల్లో ఎక్కువ మంది ఒప్పుకోలేదు. ఆయన తన పరిశీలనలను పూర్తి గ్రంథంగా వెలువరించింది 1861లో, అదీ వ్యతిరేకించిన వారిపై తీవ్రంగా విరుచుకుపడుతూ. ఆ మధ్యకాలంలో పోయిన తల్లులను తలచుకున్నప్పుడల్లా, సత్యం మన పక్షాన ఉన్నంత మాత్రాన ఎదుటివారిని ఒప్పించే బాధ్యత తీరిపోదని నాకనిపిస్తుంది.

తిరిగి మన ఐదుగురి దగ్గరికి వద్దాం. పది గంటలకు ముగ్గురికే ఫలితం వచ్చిందనుకోండి. మిగిలిన ఇద్దరూ ఏమయ్యారని ఆశాను అడిగితే, రక్తపరీక్షకు పరగడుపునే రావాలనుకొని తెల్లవారకముందే ఏమీ తినకుండా బయలుదేరి, కళ్లు తిరిగి టిఫిన్ కోసం బజారుకు వెళ్లారని తెలుస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్షకు పరగడుపు అక్కరలేదు. కనుక రెండో చక్రంలో మార్చవలసింది ల్యాబులో కాదు, ముందు రోజు సాయంత్రం ఆశా తండాలో చెప్పే మాటలో. ఐదుగురితో చేసి చూడకపోతే ఈ సంగతి మనకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఒకచోట వరుస తగ్గి మరోచోట పెరిగిందేమో, ల్యాబు ముందు మిగతా రోగులు ఎక్కువసేపు నిలబడుతున్నారేమో కూడా గమనించండి.

ఫలితాలను గీతపటంగా వేయండి. అడ్డంగా తేదీలు, నిలువుగా ఫలితం చేతపట్టుకొని డాక్టరును చూసిన గర్భిణుల శాతం. నెలకొక్క 9వ తేదీనే లెక్కిస్తే ఏడాదికి పన్నెండు చుక్కలే వస్తాయి కాబట్టి, వారం వారం జరిగే గర్భిణుల పరీక్షలనూ కలపండి. సుమారు పది చుక్కలు పడ్డాక మధ్యగత రేఖ, అంటే సగం చుక్కలు పైన, సగం కింద ఉండేలా ఒక అడ్డగీత, గీయండి. ఆ తర్వాత వరుసగా ఆరు లేదా అంతకన్నా ఎక్కువ చుక్కలు ఆ రేఖకు పైనే పడితే, అది యాదృచ్ఛికం కాదని, ఏదో నిజంగా మారిందని అనుకోవచ్చు. ఒక్క మంచి వారాన్ని చూసి సంబరపడవద్దు, ఒక్క చెడ్డ వారానికి ఎవరినీ మందలించవద్దు.

అభ్యాసం: వచ్చే పాఠానికి ముందు ఒక చక్రం పూర్తి చేయండి. మీ అంచనా, జరిగినది, రెండింటికీ మధ్య తేడా, ఆ తేడాకు కారణంగా సిబ్బంది చెప్పిన మాట వారి నోట వచ్చినట్టే ఒకే పేజీలో రాసుకోండి. ఐదో పాఠంలో ఆ పేజీతోనే మొదలుపెట్టి, ఐదుగురి నుంచి యాభై మందికి ఎలా వెళ్లాలో చూద్దాం.