పేరు పిలిచాక తెర మీద తెలుగు చెదిరిపోతే

సదస్సు రోజు ఉదయం అందరూ చేసేది ఒకటే. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర సంచీ, బ్యాడ్జీ తీసుకుంటారు, ఇడ్లీ తింటారు, బ్యానర్ ముందు ఫొటోలు దిగుతారు. పెన్‌డ్రైవ్ మాత్రం అధ్యక్షులు పేరు పిలిచాకే జేబులోంచి బయటికి వస్తుంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్‌ల నుంచి మాధ్యమ పరిశోధన సదస్సులకు వెళ్లే మన విద్యార్థుల స్లైడ్లు ఆఖరి నిమిషంలో సరిచేసి సరిచేసి నాకు విసుగొచ్చింది. సెషన్ మొదలు కాకముందే, హాలులోని కంప్యూటర్లోనే, మొదటి స్లైడు నుంచి చివరి దాకా తిప్పి చూడండి. మొదటిది తెరిచి మూసేస్తే చూసినట్టు కాదు. అందులో ఉండేది ఇంగ్లీషు శీర్షిక, మీ పేరు. అవి ఎప్పుడూ చెదరవు.

తెర ఖాళీగా ఉంది, లేదా వాల్‌పేపర్ ఒక్కటే కనిపిస్తోంది

విండోస్ మీట, పి మీట కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే కేబుల్ చూడండి. ప్రొజెక్టరు పాతదై వీజీఏ కేబుల్ పెట్టే చోటు మాత్రమే, మీ ల్యాప్‌టాప్ కొత్తదై హెచ్‌డీఎంఐ చోటు మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. అది మీ సంచీలోనే ఉండాలి. నిర్వాహకుల దగ్గర ఉన్నది ఎప్పుడు అడిగినా పక్క హాలులో ఉంటుంది.

తెలుగు మాటలు పోయి ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు వచ్చాయి

విద్యార్థిగా ఉన్నప్పుడు ఠాకురాణి యాత్ర మీద ఒక పత్రం సమర్పించాను. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఆ జాతర కబురు వీధి నుంచి వీధికి ఎలా చేరుతుందన్నది విషయం. పట్టు నేసే దేవాంగుల వీధిలో ఒక పెద్దావిడ, "అమ్మవారు పుట్టింటికి వచ్చింది, కబురు పంపకుండా ఎలా ఉంటాం?" అన్నారు. నా వాదన మొత్తం ఆ "పుట్టింటికి" మీదే నిలబడింది. ఆడబిడ్డ వచ్చిందని ఇంటింటికీ చెప్పుకునే తీరులోనే జాతర కబురు కూడా నడుస్తుందని నేను చూపించాలి.

తెర మీద ఆ మాట లేదు. డాలరు గుర్తు, తలకిందులైన ప్రశ్నార్థకం, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు 'ఏ' ఉన్నాయి. దాని కిందున్న ఒడియా వాక్యం మాత్రం నిక్షేపంలా ఉంది. అధ్యక్షులు తరువాతి స్లైడుకు వెళ్లమన్నారు. "ఒడిశా కంప్యూటర్లలో తెలుగు రాదులెండి" అని ఎవరో ఓదార్చారు. నేనూ నమ్మాను. నమ్మినందుకు ఇంకో రెండు సదస్సుల్లో అదే పరువు పోగొట్టుకున్నాను.

అసలు జరిగింది వేరు. ఆ హాలు కంప్యూటర్లో ఆకృతి ఒడియా ఫాంట్లు వేసి ఉన్నాయి కాబట్టి ఒడియా బతికింది. నా తెలుగు కొటేషన్లు పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ సెంటరులో 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంటులో కొట్టించినవి. అను ఫాంటు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో తెలుగు ఆకారాలను కూర్చోబెడుతుంది. అంటే ఫైలులో తెలుగు మొదటి నుంచీ లేదు, ఉన్నది వేషమే. ఫాంటు లేని యంత్రంలో ఆ వేషం ఊడిపోతుంది. ఆకృతిదీ అదే కథ. అవే స్లైడ్లతో విశాఖ వైపు వెళితే చెదిరేది మీ ఒడియా.

ప్రతి లిపిలోని అక్షరాలకూ సొంత సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఈ బాధ లేదు. 1991 నాటి మొదటి సంచిక నుంచే తెలుగుకూ ఒడియాకూ వేరు వేరు సంకేతాలు ఉన్నాయి. విండోస్ 8 నుంచి సిస్టంతో పాటే వచ్చే నిర్మల ఫాంటులో ఈ రెండు లిపులే కాదు, సవరల సోరా సొంపెంగ్ కూడా ఉంది. పాపం, ఒడిశా కంప్యూటర్లను ఇన్నాళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాం.

పరీక్ష పది సెకన్ల పని. ఒక కొటేషన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే ఉంటే యూనికోడ్. చెత్తగా మారితే అను లాంటి ఫాంటు. "మా కంప్యూటర్లో బాగానే కనిపిస్తోంది" అని మాత్రం నాతో అనకండి. నా కంప్యూటర్లోనూ బాగానే కనిపించింది.

వ్యవధి ఉంటే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి. పావుగంట పత్రంలో పట్టే కొటేషన్లు ఎన్ని? ఫోనులో టైపు చేసి మెయిల్ చేసుకున్నా సరిపోతుంది, ఫోనులో వచ్చేది యూనికోడే. అనును యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్ వాడేవారు అను 6, అను 7లలో తమది ఏదో కనుక్కుని వాడాలి, ఆపైన ఒత్తులన్నీ కూడబలుక్కుని చదవాలి. "పుట్టింటికి"లో ట ఒత్తు ఎగిరిపోయిన స్లైడును కూడా నేను చూశాను. వ్యవధి లేకపోతే, సరిగ్గా కనిపిస్తున్న యంత్రం నుంచే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి. పీడీఎఫ్ తన ఫాంటును తనే మోసుకొస్తుంది. పవర్‌పాయింట్‌లోనూ ఫాంటును ఫైలులో పొదిగే వీలుంది కానీ కొన్ని ఫాంట్లు అందుకు అనుమతించవు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ గొడవంతా ఎందుకని తెలుగు తీసేసి ఇంగ్లీషు అనువాదం ఒక్కటే ఉంచేవాళ్లున్నారు. అలా చేయకండి. అనువాదం కింద పెట్టండి, పైన ఆవిడ మాట ఉండాలి. పత్రానికి ఆధారం అదే కదా.

అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయి, ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి

ఇది వేరే జబ్బు. మీ తెలుగు యూనికోడే, హాలులోని యంత్రమో సాఫ్ట్‌వేరో బాగా పాతది. మందు మాత్రం అదే పీడీఎఫ్.

ఇంటర్వ్యూ రికార్డింగు మోగడం లేదు

స్లైడులో ఉన్నది లింకే, ఆడియో ఫైలు ఇంటి కంప్యూటర్లో ఉండిపోయింది. ఫైలునే స్లైడులో చొప్పించండి, విడిగా పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచండి. పీడీఎఫ్ చేసినవారు ఆడియోను ఎలాగూ విడిగానే వినిపించుకోవాలి.

పరిశోధన పద్ధతి దగ్గరకు రాగానే గంట మోగింది

పూర్వ సాహిత్య సమీక్షకు ఆరు స్లైడ్లు పెట్టారు. ఐదు తీసేయండి.

పెన్‌డ్రైవ్‌కు వైరస్ పట్టడం, మ్యాక్‌లో చేసిన ఫైలు తెరుచుకోకపోవడం లాంటివి జరిగినా కంగారు పడకండి. మెయిల్‌లో ఒక ప్రతి ఉంటే పక్కవారి ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని కానిచ్చేయవచ్చు.