పరిశోధన ప్రాజెక్టుల సమన్వయం – 4వ పాఠం: ‘జరుగుతోంది’, ‘చిన్న మార్పే’

గత పాఠంలో, ప్రాజెక్టులో ఏ పని ఎంతవరకు వచ్చిందో చూపే పట్టిక వేసుకోమన్నాను. చాలామంది శ్రద్ధగా వేసి పంపారు. చదువుతూ పోతే ఒకే మాట మళ్లీ మళ్లీ ఎదురైంది. ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా ముందే పరిశీలించే సంఘం) అనుమతి: జరుగుతోంది. డేటా ఒప్పందం: జరుగుతోంది. నివేదిక రెండో అధ్యాయం: జరుగుతోంది. ‘స్థితి’ అనే గడి పెట్టమన్నాను గానీ, అందులో ఏం రాయాలో నేను చెప్పలేదు. అందుకే ఈసారి ఇవ్వాలనుకున్న బడ్జెట్ పాఠాన్ని వాయిదా వేశాను.

‘డేటా ఒప్పందం: జరుగుతోంది’ అన్న గడిని ఇలా తిరగరాయండి: ‘విశ్వవిద్యాలయ న్యాయ విభాగం దగ్గర ఉంది. ఈ నెల 4న పంపాం. ఆరో నిబంధన మీద వారి జవాబు రావాలి. 18 దాకా రాకపోతే నేను ఫోను చేస్తాను.’ ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి, దేని కోసం, మళ్లీ నేను అడగాల్సింది ఎప్పుడు. ఈ నాలుగూ లేకపోతే గడి ఖాళీగా ఉండటమే నయం. ఖాళీ గడిని చూస్తే అనుమానమైనా వస్తుంది, ‘జరుగుతోంది’ని చూస్తే అదీ రాదు.

పెద్దవారి పేరు పట్టికలో రాస్తే బాగుంటుందా అని ఇద్దరు అడిగారు. రాయండి. ‘ప్రొఫెసర్ గారి దగ్గర, 9 నుంచి’ అన్నది నింద కాదు, సమాచారం. మూడు ప్రాజెక్టులు, నాలుగు సిద్ధాంత గ్రంథాలు ఒకేసారి చూస్తున్న మనిషికి తన బల్ల మీద ఏమున్నదో చెప్పేవారు కావాలి. నేనైతే పెద్దవారికి ఈమెయిల్‌లో గుర్తు చేయను. ఫోనులో అడుగుతాను. వారు చెప్పిన నిర్ణయాన్ని మాత్రం ఆ రోజే ఒక్క వాక్యంలో ఈమెయిల్‌గా పంపుతాను. మాట మీద తేలినది కాగితం మీదికి రాకపోతే మూడు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు విషయం. ఒకరి పట్టికలో ‘ప్రశ్నావళి: జరుగుతోంది’ అని ఉంది. ఆరా తీస్తే, కమిటీ ఆమోదించింది మూడో వెర్షన్, సర్వే సిబ్బంది చేతిలో ఉన్నది నాలుగోది. ‘చిన్న మార్పే కదండీ’ అన్నారు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆ మార్పు ఏమిటో చూడండి. ‘గత 30 రోజుల్లో మీ ఇంట్లో మందులకు ఎంత ఖర్చయింది?’ అన్న ప్రశ్నలో 30ని 15 చేశారు. మారింది ఒక్క అంకె. అయితే ప్రశ్నలో అడిగే కాలం పెరిగేకొద్దీ మనుషులు చిన్న ఖర్చులను మరచిపోతారు. ఆ కాలం తగ్గితే జ్ఞాపకం మెరుగ్గా ఉంటుంది గానీ, అరుదుగా వచ్చే పెద్ద ఖర్చు ఆ రోజుల్లో పడకపోవచ్చు. కొందరు ఇరవై రోజుల కిందటి బిల్లును కూడా మొన్నటిదనుకుని చెబుతారు. కాబట్టి 15 రోజుల ఖర్చును రెండుతో గుణిస్తే 30 రోజుల ఖర్చు రాదు. సగం ఇళ్లను ఒక రకంగా, సగం ఇళ్లను మరో రకంగా అడిగి రెండింటినీ కలిపి సగటు తీస్తే, ఆ సగటు దేనికీ కొలత కాదు. మన నివేదిక వెళ్లేది విధానం రాసేవారి బల్ల మీదికి. మందుల మీద ఎంత రాయితీ ఇవ్వాలో వారు ఆ అంకె చూసే ఆలోచిస్తారు.

ఇక కమిటీ ఆమోదం, జవాబిచ్చేవారి సమ్మతి సంగతి. ప్రపంచ వైద్య సంఘం 1964లో ఆమోదించి, తరువాత పలుమార్లు సవరించిన హెల్సింకి ప్రకటన (మనుషులు పాల్గొనే వైద్య పరిశోధనకు నైతిక సూత్రాలు చెప్పే పత్రం) ప్రకారం, కమిటీ పరిశీలించి ఆమోదించనిదే పరిశోధన ప్రణాళికలో మార్పు చేయకూడదు. చాలా కమిటీలు చిన్న సవరణలను త్వరగా చూసి పంపే పద్ధతి పెట్టుకున్నాయి. కానీ మార్పు చిన్నదో పెద్దదో తేల్చే పని కమిటీది, మనది కాదు. చివర్లో ఫోను నంబరుకు ఒక గడి చేర్చడం చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ ఒక్క గడితో, పేరు లేకుండా జవాబిచ్చిన మనిషి ఎవరో తెలిసిపోతుంది. ‘మీ వివరాలు ఎవరికీ తెలియవు’ అని సమ్మతి పత్రంలో ఇచ్చిన మాట అక్కడితో పోతుంది. మాటలు రికార్డు చేయడం, అనువాదం మార్చడం, కొత్త ప్రాంతం చేర్చడం కూడా ఈ కోవలోవే.

ఇప్పటికే జరిగిపోయి ఉంటే సేకరణ ఆపండి. ఏ తేదీ నుంచి, ఎన్ని ఇళ్లలో నాలుగో వెర్షన్ వాడారో లెక్క తీయండి. ప్రధాన పరిశోధకురాలికి ఆ రోజే చెప్పి, కమిటీకి రాయించండి. ఆ డేటాను చెరిపేయకండి. ప్రతి వరుసకూ వెర్షన్ సంఖ్య చేర్చి, కమిటీ చెప్పేదాకా పక్కన ఉంచండి.

నా పద్ధతి ఇది. ప్రతి పేజీ అడుగున వెర్షన్ సంఖ్య, ఆమోదం తేదీ ఉంటాయి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, రోజు: 2025-03-09. అప్పుడు ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. ‘తుది’, ‘కొత్త తుది’ అనే పేర్లు నా దగ్గర చెల్లవు. కొత్త ప్రతులు ఇచ్చే రోజు పాతవి వెనక్కి తెప్పించి, లెక్కపెట్టి, అడ్డంగా గీత కొడతాను. సంచి అడుగున మిగిలిన నాలుగు పాత ప్రతులే తరువాత వారం ఎవరో ఒకరి ఇంట్లో తెరుచుకుంటాయి.

అభ్యాసం: మీ చేతిలో ఉన్న ఒక అధ్యయనాన్ని తీసుకోండి. కమిటీ లేఖ, దానికి జతచేసిన ప్రశ్నావళి, సిబ్బంది సంచిలోంచి తీసిన ఒక ప్రతి, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టండి. ఒక్కో వాక్యాన్ని పైకి చదువుతూ పోల్చి, కనిపించిన ప్రతి తేడానూ రాయండి, కామా అయినా సరే. రెండు మూడు గంటలు పడుతుంది. మరొకరికి అప్పగించవద్దు. పట్టికను కూడా తిరగరాసి, రెండూ కలిపి పంపండి.